వాడకట్టు ఋణము

ప్రతి సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మన కళాశాలలలో పలుచోట్ల ఒక తంతు జరుగుచున్నది. ఐక్యరాజ్యసమితి 1990లో ఆ దినమును వృద్ధుల దినముగా నిర్ణయించినది గనుక, ఆనాడు విద్యార్థులు వరుసలు కట్టి సమీపమందలి వృద్ధాశ్రమమునకు పోవుదురు. ఒక్కొక్క ముసలివారి చేతిలో రెండు అరటిపండ్లు పెట్టుదురు, భుజముపై శాలువ కప్పుదురు, ఛాయాచిత్రము తీయించుకొందురు. మరునా డా చిత్రము పత్రికలో వచ్చును. ఆ మరునాడే ఆ ముసలివారికి దాహమైనచో నీరందించువా రెవరో ఆ చిత్రము చెప్పదు. దీనికి సేవ యని పేరు పెట్టుట తగదని మేము నిస్సంకోచముగా చెప్పుచున్నాము. పండ్లిచ్చుట పాపము కాదు. కాని సంవత్సరమునకొక దినము పండ్లిచ్చి తక్కిన మూడువందల అరువదినాలుగు దినములకు చెల్లుచీటి వ్రాయించుకొనుట మాత్రము ఆత్మవంచన.

కళాశాల విద్యార్థి సేవ చేయవలసిన మొదటి స్థలము వృద్ధాశ్రమము కాదు, అతని వాడకట్టు. తెలంగాణమున ఈ మాటకు గొప్ప అర్థము కలదు. వాడకట్టనగా కొన్ని యిండ్ల వరుస మాత్రమే కాదు. పెండ్లి పందిరికి రాటలు పాతువారు, పురుటింటికి వేడినీరు మోయువారు, చావునాడు పాడె కట్టువారు, నిప్పు బదులిచ్చి పుచ్చుకొనువారు, అందరును కలసి వాడకట్టు. ఈ విద్యార్థి పసివాడై వీథిలో పడినపుడు మోకాలికి పసుపద్దిన అవ్వ, తల్లి పొలమునకు పోయినపుడు తన గిన్నెలోనిది బుక్కెడు పెట్టిన పొరుగామె, ఇప్పుడు డెబ్బదియేండ్ల దాటి గడపలో కూర్చుండియున్నది. ఆమెకు జేయునది దానము కాదు, దయ కాదు, ఋణము. ఋణము తీర్చువాడు ఛాయాచిత్రము తీయించుకొనడు.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని చందుర్తి మండలమును దృష్టాంతముగా గైకొందము. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్విభజించువరకు ఇది కరీంనగరు జిల్లాలోనిది. వేములవాడ, కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల పట్టణముల నడుమనున్న యీ పల్లెలను మూడు పనులు నిలిపినవి: సేద్యము, బీడీలు, సాంచాలు. ఈ మూడును కడుపు నింపనపుడు పురుషులు బొంబాయికి, భీవండికి, సూరతుకు బోయిరి. 1970వ దశకము తరువాత దుబాయి, మస్కటు, దోహా పట్టణములకు బోయిరి. వారు పంపిన సొమ్ముతో పల్లెలలో మిద్దెలు లేచినవి. కొన్ని మిద్దెలకు కావలి యెవరు? ముసలి తల్లిదండ్రులు. కుమారుడు ఎడారిలో, కోడలు పిల్లల చదువులకై పట్టణములో, అవ్వ అరుగుమీద. ఇంటిలో విద్యుద్దీపములున్నవి, గోడకు గడియారమున్నది. రాత్రి గుండెలో నొప్పి లేచినచో పిలిచిన పలుకు మనిషి లేడు. ఇది దారిద్ర్యము కాదు గనుక ఎవరికిని కనబడుట లేదు. మన సంఘము ఆకలిని గుర్తించుటకు నేర్చుకొన్నది. ఒంటరితనమును గుర్తించుటకింకను నేర్చుకొనలేదు.

ఇట్టివారికి గావలసినదేమి? శాలువ కాదు. ముప్పదియేండ్లు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టిన చేతుల వ్రేలిముద్రలు అరగిపోవును. 2014 నవంబరులో ఆసరా యను పేర ప్రారంభమై 2019లో నెలకు 2016 రూపాయలైన పింఛనునకై తపాలాకార్యాలయమునకు బోయి అవ్వ వ్రేలు పెట్టినచో, యంత్రము ఆమెను గుర్తింపకపోవచ్చును. ఆమె తానే తాను కానట్లు వెనుకకు నడచి వచ్చును. బీడీలోను, మిల్లులోను పనిచేసి భవిష్యనిధి పింఛను పొందువారు ప్రతియేట తాము బ్రదికియున్నట్లు నిదర్శనపత్రము నీయవలెను. 2014 నవంబరునుండి ఆ పని యంత్రముమీద చేయు సౌకర్యము కలిగినది, కాని యంత్రమును ముట్టుటయే ఆ తాతకు భయము. మందుల పొట్లములపై నున్న యక్షరములు ఇంగ్లీషు. ప్రొద్దుట వేయవలసిన మాత్ర యేదో, రాత్రి వేయవలసినదేదో రంగునుబట్టి గుర్తుపెట్టుకొందురు. కంపెనీ మారి రంగు మారినచో రక్తపుపోటు మాత్ర రెండుమార్లు, మధుమేహపు మాత్ర సున్న. 2018 ఆగస్టు 15న ప్రారంభమైన కంటివెలుగు శిబిరములలో కళ్ళద్దములు పంచిరి. ఆ యద్దము పగిలిన దినమున దానిని బాగుచేయించువా రెవరు? ప్రభుత్వపు పథకము ఊరివరకు వచ్చును. గడపవరకు వచ్చుటకొక మనిషి కావలెను. చదువుకొన్న పద్దెనిమిదేండ్ల పిల్లవాడు అరగంటలో చేయదగిన పనులివి. ఆ అరగంట లేక ఒక ముసలిప్రాణము ఒక నెల పస్తుండుట మనకు సిగ్గు కాదా?

ఈ పనికి కొత్త సంఘము లక్కరలేదు. మహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయసేవాపథకము ప్రారంభమైనది. "నేను కాదు, మీరు" అనునది దాని ధ్యేయవాక్యము. అందు చేరిన విద్యార్థి సంవత్సరమునకు 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు సంఘసేవ చేయవలెను. ఏడుదినముల ప్రత్యేక శిబిరమునకు బోవలెను. లెక్క వేయుదము. వారమునకు రెండు గంటలు, ఏబది వారములు : నూరు గంటలు. అనగా నియమము కోరినదానిలోనే ఒక ముసలివారి యింటికి సంవత్సరము పొడుగున వారము వారము పోవుటకు కాలమున్నది. ఇంకను ఇరువది గంటలు మిగులును. అట్లుండగా ఆ గంటలు పలుచోట్ల నెట్లు వ్యయమగుచున్నవి? కళాశాల యావరణములో గడ్డి పీకుటకు, మంత్రివర్యులు వచ్చినపుడు కుర్చీలు సర్దుటకు, దినోత్సవములందు పతాకములు పట్టి ఊరేగుటకు. పథకములో లోపము లేదు. దానిని నడపు మన బుద్ధిలో లోపమున్నది. చెట్టును నాటిన ఛాయాచిత్రము తేలిక. నీరు పోసిన ఛాయాచిత్రమెవ్వరును అడుగరు.

ఇక ఆక్షేపణలు. మొదటిది: "తల్లిదండ్రులను జూచుట కొడుకుల ధర్మము, పరాయి పిల్లలెందుకు?" ధర్మము కొడుకులదే. 2007 సంవత్సరపు తల్లిదండ్రుల, వృద్ధపౌరుల పోషణసంక్షేమ చట్టము ఆ ధర్మమును శాసనముగా జేసినది. బిడ్డలు పోషింపనిచో అరువదియేండ్లు దాటినవారు డివిజను స్థాయి ట్రిబ్యునలునకు విన్నవించుకొనవచ్చును. నెలకు పదివేల రూపాయలవరకు మనోవర్తి నిప్పించు నధికారమును ఆ చట్టము ట్రిబ్యునలున కొసగినది. చూచుదుమని మాటయిచ్చి పొలము వ్రాయించుకొని పిమ్మట చూడనివారి దస్తావేజును రద్దు చేయించుకొను మార్గమును అందే కలదు. వకీలు పనిలేదు. స్వయముగా పోలేనివారి పక్షమున వారధికారమిచ్చిన మరియొకరు విన్నపము వేయవచ్చునని చట్టమే చెప్పుచున్నది. ఆ "మరియొకరు" ఎవరు? ఆ వాడకట్టున నాలుగక్షరములు వచ్చిన పిల్లవాడో పిల్లయో గదా! కాబట్టి కొడుకుల ధర్మమును జ్ఞాపకము చేయుటకైనను పొరుగువారి బిడ్డ కావలెను. మరియు ధర్మము తప్పని కొడుకుల సంగతి యేమి? మస్కటులో నిటుకలు మోయుచు నెలనెలా సొమ్ము పంపు కొడుకు ధర్మము తప్పినవాడని యెవరనగలరు? అతని సొమ్ము సముద్రము దాటి రాగలదు. అతని చేయి రాలేదు. ఆ చేయి లోటు తీర్చుట పొరుగువాని పని.

రెండవది: "ఇది ప్రభుత్వము చేయవలసినది, విద్యార్థులచేత చేయించుట ప్రభుత్వమును తప్పించుట." ఈ యాక్షేపణలో సత్యము కలదు, దానిని మేము చులకన చేయము. వైద్యుని పని విద్యార్థి చేయరాదు. పింఛను విద్యార్థి యీయలేడు. వైద్యుడు రాని యాసుపత్రికి, పింఛను రాని నెలకు ప్రభుత్వమే యుత్తరవాది. కాని ప్రభుత్వమును నిలదీయుటకైనను లెక్క కావలెను. 2007 చట్టము ననుసరించి కేంద్రప్రభుత్వము సిద్ధపరచిన నమూనా నియమావళిలో నొక మంచి మాట యున్నది. ప్రతి పోలీసుఠాణాలో ఒంటరిగానున్న వృద్ధుల జాబితా యుండవలెను. ఠాణాకు సంబంధించినవా రొకరు, సాధ్యమైనంతవరకు ఒక సేవకునితో గలసి, కనీసము నెలకొకసారి వారిని చూచి రావలెను. మన ఠాణాలో ఆ జాబితా యున్నదా యని అడిగినవా రెందరు? వారము వారము ఆ యిండ్లకు బోవు విద్యార్థులున్న యూరిలో ఆ ప్రశ్న అడుగబడును. జాబితా లేకున్న వారే వ్రాసి యిచ్చుదురు. కన్నులతో చూచినవాడే అధికారిని గట్టిగా అడుగగలడు. సేవ ప్రభుత్వమునకు ముసుగు కారాదు, సాక్షి కావలెను.

మూడవది తల్లిదండ్రులది: "మా పిల్లవాని చదువు చెడును." వారమునకు రెండుగంటల వలన చెడు చదువు ఇతరకారణములవలన నెప్పుడో చెడియుండును. చేతిలోని ఫోనుపై రోజునకు రెండుగంటలు పోవుచున్నను గృహములలో నీ ఆక్షేపణ అంత గట్టిగా వినబడదు. చదువన నేమి? మందుచీటి చదివి ముసలివానికి బోధపడునట్లు తెలుగున చెప్పగలుగుట చదువు కాదా? బ్యాంకు కాగితము నింపుట, అధికారితో మర్యాదగా, భయపడక మాటలాడుట, ఒకరి రహస్యమును దాచుట, ఇవి యే పరీక్షకు వచ్చును? జీవితపరీక్షకు వచ్చును. 2008లో శాతవాహన విశ్వవిద్యాలయ మేర్పడిన పిమ్మట ఈ పల్లెల బిడ్డలకు పట్టా సమీపమైనది. పట్టా సమీపమైనకొలది వాడకట్టు దూరమగుచున్నదేమో యని మా భయము.

ఇపుడు మా వాదములోని ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. కొందరు పెద్దలు దీనిని విని, "అట్లయిన దీనిని నిర్బంధము చేయుదము, పోనివానికి మార్కులు తగ్గింతము" అనుచున్నారు. దీనిని మేము తీవ్రముగా ఖండించుచున్నాము. నిర్బంధముగా చేయించు చాకిరికి ఈ గడ్డమీద ఒక పేరున్నది: వెట్టి. నిజాము కాలమున దొరగడీలలో వెట్టి చేసిన తాతలు మన పల్లెలలో నిన్నమొన్నటివరకు బ్రదికియుండిరి. 1935లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ సిరిసిల్లలోనే సమావేశమైనది. ఆ మహాసభ పోరాడిన దురాచారములలో వెట్టి ముఖ్యమైనది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలకొలది పల్లెజనము దొరతనమునకు వ్యతిరేకముగా నడచిరి. అట్టి తాలూకాలలో మార్కుల కొరడా పట్టి ముసలివారి గడపలకు పిల్లలను తోలుట చరిత్రకు ద్రోహము. పైగా ముసలివారు అమాయకులు కారు. వచ్చినవాడు మనసుతో వచ్చెనో, సంతకమునకై వచ్చెనో వారికి మొదటి నిమిషమున తెలియును. సంతకమునకై వచ్చినవానిని భరించుటయే ఆ ముసలివారిపై పడిన వెట్టి యగును.

మరియొక విషయము, ఇది గృహిణులకు బాగుగా తెలియును. మన యిండ్లలో ముసలివారికి సేవ జరుగుటయే లేదని మేమనము, జరుగుచున్నది, ఆడపిల్లలచేత. కళాశాలనుండి వచ్చిన పిల్ల నాయనమ్మకు స్నానము చేయించి, గంజి పోసి, మంచము దులిపి, పిమ్మట పుస్తకము తీయును. ఆమె తమ్ముడో యన్నయో సేవాపథకపు చొక్కా తొడిగి ఊరేగింపునకు బోయి ప్రశంసాపత్రము తెచ్చుకొనును. ఆమె చేసినదానికి సేవ యను పేరే లేదు, అది "ఇంటిపని". ఈ యన్యాయమును మాపకుండ వాడకట్టు సేవ మొదలుపెట్టినచో ఆడపిల్లలపై మరియొక బరువు వేసినవార మగుదుము. కాబట్టి మగపిల్లలు మొదట రావలెను. నీరు మోయుట, మంచము బయటికి దీయుట మాత్రమే కాదు. అన్నము కలిపి పెట్టుట, కాలిపుండు కడిగి కట్టుట, పక్కబట్ట మార్చుట కూడ వారు నేర్చుకొనవలెను. ముసలితాతకు గుడ్డలు మార్చిన యువకుడు రేపు తన భార్యచేత మాత్రమే ఆ పని చేయింప సాహసింపడు. ఇంతకంటె గొప్ప సంఘసంస్కారమేది?

ఇక కులము. వాడకట్టులు మన పల్లెలలో కులములనుబట్టి యేర్పడినవి. ఎవరి వాడకట్టు వారు చూచుకొనుటతో నీ పని ముగిసినచో పాతగోడలకు కొత్తసున్నము వేసినట్లగును. అందుచేత మేమొక నియమము కోరుచున్నాము: ప్రతి విద్యార్థియు ఒక గడప తన వీథిలోను, ఒక గడప ఊరికావలి వాడలోను ఎన్నుకొనవలెను. ఆ రెండవ యింట ఇచ్చిన నీళ్ళు త్రాగవలెను. త్రాగలేనివాడు సేవకు పనికిరాడు. ఇంటికడ కూర్చుండి తన మనస్సును బాగుచేసికొనుటయే అతడు సంఘమునకు చేయగల సేవ.

విద్యార్థులవలన నింతటి పని యగునా యని సందేహించువారికి చరిత్ర సమాధానము చెప్పును. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము చేయించినపుడు ఊరి పెద్దలలో ననేకులు ముఖము చాటుచేసిరి. విద్యార్థులు తోడై నిలిచిరి. మన కాలమున కేరళము చూడుడు. 1993లో కోఝికోడులో కొందరు వైద్యులు తీరని వ్యాధులవారి బాధ తగ్గించుటకొక సంఘము స్థాపించిరి. వైద్యులు మాత్రము చాలరని తెలిసికొని 2001 ప్రాంతమున ఇరుగుపొరుగువారినే సేవకులుగా తయారుచేయు పద్ధతి నారంభించిరి. కొలది గంటల శిక్షణము పొంది, వారమునకు కనీసము రెండుగంటలిత్తుమని మాటయిచ్చినవారే దానికి వెన్నెముక. కళాశాల విద్యార్థులును అందు చేరిరి. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము దానిని తన విధానముగా గ్రహించినది. చూచితిరా! పొరుగువారు మొదలుపెట్టినది ప్రభుత్వవిధానమైనది. పొరుగువారు ప్రభుత్వమునకై ఎదురుచూచుచు కూర్చుండలేదు. హాలెండులో దెవెంతరు పట్టణమందొక వృద్ధాశ్రమము విద్యార్థులకు అద్దెలేకుండ గదులిచ్చి, నెలకు ముప్పదిగంటలు మంచి పొరుగువారుగా నుండుమని మాత్రమే కోరినది. సిరిసంపదలుగల యా దేశమునకును పొరుగువాడే కావలసివచ్చెను.

కావున చేయవలసిన పని స్పష్టముగా చెప్పుచున్నాము. ఒంటరిగానున్న యొక్కొక్క వృద్ధునకు ఇద్దరు విద్యార్థులు; ఎన్నడును ఒక్కరు పోరాదు. దినము, గంట నిర్ణయించుకొని తప్పక పోవలెను; రాలేనినాడు ముందుగా తెలుపవలెను, ఏలయన ఎదురుచూపు ముసలివారికి వ్యాధివంటిది. డబ్బు ముట్టరాదు, పింఛను తెచ్చుటకు తోడు పోవచ్చును గాని వారి పక్షమున పుచ్చుకొనరాదు. బ్యాంకు ఫోనునకు పంపు రహస్యసంఖ్యను అడుగరాదు. ఎవ్వరడిగినను చెప్పవలదని వారికి నేర్పవలెను. మందులు మార్చరాదు, చీటీలో నున్నదానిని పెద్దయక్షరములతో తెలుగున వ్రాసి గోడకంటింపవలెను. దాని ప్రక్కనే కొడుకు సంఖ్య, అత్యవసరవాహనమునకు 108, వృద్ధుల సహాయమునకు 14567 వ్రాయవలెను. వారి యనుమతి లేక ఛాయాచిత్రము తీయరాదు; మేమైతే అనుమతి యున్నను తీయవలదందుము. పరీక్షల కాలమున మానవలసివచ్చినచో మరియొకరి కప్పగించి మానవలెను. మూడేండ్ల చదువు ముగించి వెడలునపుడు తమ్ముళ్ళను, చెల్లెండ్రను ఆ గడపకు పరిచయము చేసి వెడలవలెను.

ఇందు ముసలివారు బిచ్చగాండ్రు కారని మరువరాదు. ఈ ప్రాంతమున ఒగ్గుకథ వినని ముసలిచెవి లేదు. హన్మాజీపేట మిద్దె రాములుగారి కథను కన్నులారా చూచినవారింకను ఉన్నారు. చెరువు తూము ఎక్కడిది, ఏ యేట కరవు వచ్చినది, ఏ విత్తనము ఏ చేనికి పట్టును, సాంచా తెగిన పోగు నెట్లు కలుపుదురు, ఇవన్నియు వారి నోట నున్నవి, వారితో పోవుచున్నవి. రెండుగంటలలో ఒక గంట పనికి, ఒక గంట మాటకు. విద్యార్థి వినవలెను. ఆ గంటలో ఎవరికెవరు సేవ చేసిరో చెప్పుట కష్టము.

తల్లులారా, తండ్రులారా! మీ బిడ్డలు రేపు హైదరాబాదుకో, అమెరికాకో పోవుదురు. పొమ్మనియే మీరు చదివించుచున్నారు. అపుడు మీ గడపలో కూర్చుండువారు మీరే. అప్పటికి మీ వాడకట్టున పొరుగు గడపకు పోవు నలవాటు బ్రదికియుండవలెనన్నచో, ఈ ఆదివారము మీ బిడ్డను ఎదురింటి అవ్వ కడకు మీరే పంపవలెను. పండ్లతో పంపవలదు. ఖాళీచేతులతో పంపుడు, చేయుటకు పని అచ్చట నున్నది.